వేరు వైపు చూడని నేను
గాలివాన వెలిసిన మరునాడు కర్నూలు దగ్గరి మా చేలో ఒరిగిన మొక్కజొన్నను పట్టి లాగితే సులువుగా ఊడి వచ్చింది. గుంటలో కొడవలిలా ముడుచుకున్న తెల్లని వేరుపురుగు కనిపించింది. రోజూ మొక్కల ఆకు సుడుల్లో, ఆకులు తినే కత్తెర పురుగును వెతికే నేను వేరు వైపు ఒక్కనాడూ చూడలేదు.

అమెరికా చేలను పీడించే వేరుపురుగు మరో జాతి. అది కొరికినప్పుడు కొన్ని రకాల మొక్కజొన్న వేళ్లు కారియోఫిలీన్ అనే వాసన పదార్థాన్ని మట్టిలోకి వదిలి, పురుగును చంపే నులిపురుగులను (మట్టిలో ఉండే సన్నని నెమటోడ్లను) రప్పించుకుంటాయని 2005లో శాస్త్రజ్ఞులు వెల్లడించారు. ఉత్తర అమెరికా రకాల్లో చాలావరకు ఆ గుణాన్ని పోగొట్టుకోగా, మొక్కజొన్నకు మూలమైన అడవి గడ్డి టియోసింటెలో అది నిలిచే ఉంది. దిగుబడినే చూసి విత్తన రకాలను ఎంపిక చేస్తే ఇలాంటివి చేజారుతాయని నా అనుమానం. మొక్కను పెకలించడానికి పట్టే బలాన్ని కొలిచి, తెగిన చోట త్వరగా కొత్త వేళ్లు వేసే వంశాలను ఎంచుకునే పద్ధతి కూడా ఉంది. నిన్న నేను చేసినదీ దాదాపు అదే, కాకపోతే కొలత లేకుండా.