రాజురా నీళ్ల లెక్క: నా ప్రాజెక్టు అనుభవం

ఎమ్మెస్సీ ఆఖరి సెమిస్టర్‌లో మా గైడ్ పని ఒక్క ముక్కలో చెప్పేశారు. మహారాష్ట్ర చంద్రపూర్ జిల్లాలోని రాజురా, బల్లార్షా చుట్టుపక్కల బొగ్గు, సిమెంటు, కరెంటు, కాగితం, పత్తి అన్నీ కలిసి నీళ్ల మీద ఎంత భారం వేస్తున్నాయో అంకెల్లో చూపించాలి. మాది రాజురా తాలూకానే. 1956 దాకా ఇది ఆదిలాబాద్ జిల్లాలో ఉండేది కాబట్టి మాకు ఇంట్లో తెలుగు, ఆఫీసుల్లో మరాఠీ. భాష టెన్షన్ లేదు కదా అని ఒప్పేసుకున్నాను.

పుస్తకాల్లో ముందు కనిపించేది ఫాల్కెన్‌మార్క్ సూచీ. స్వీడన్ శాస్త్రవేత్త మలిన్ ఫాల్కెన్‌మార్క్ 1989లో ఇచ్చింది. ఏడాదికి మనిషికి 1,700 ఘనపు మీటర్ల కన్నా తక్కువ నీళ్లుంటే ఒత్తిడి, 1,000 కన్నా తక్కువైతే కరువు. చంద్రపూర్ జిల్లాకి వేసి చూశాను. వాన సుమారు 1,200 మిల్లీమీటర్లు, విస్తీర్ణం 11,443 చదరపు కిలోమీటర్లు, 2011 జనాభా 22 లక్షలు. అంటే ఒక్కో మనిషి వాటాకి 6,200 ఘనపు మీటర్ల వాన. అందులో మూడో వంతే నదుల్లోకో భూమిలోకో చేరుతుందనుకున్నా 2,000 దాటుతుంది. దేశం మొత్తం సగటు 2021కి 1,486 అని కేంద్ర జల సంఘం లెక్క. ఆ లెక్కన మేం నీళ్లలో తేలుతూ ఉండాలి. మరి మే నెలలో మా వైపు ఊళ్లకి ట్యాంకర్లు ఎందుకొస్తున్నట్టు? ఈ సూచీ జనాన్ని మాత్రమే లెక్కబెడుతుంది. ఆ నీళ్లతో ఏ పని నడుస్తోందన్నది దానికి పట్టదు. అందుకే దాన్ని రిపోర్టులో ఒక పేరాతో సరిపెట్టాను.

అసలు పని ఎవరు ఎంత తోడుతున్నారు, అందులో ఎంత తిరిగిరాకుండా పోతోంది అని విడదీసినప్పుడు మొదలైంది. ఈ రెండూ వేరు. నదిలోంచి తీసుకుని వేడెక్కిన నీళ్లు మళ్లీ నదిలోకే వదిలే పాత రకం విద్యుత్ కేంద్రం తోడేది చాలా ఎక్కువ, మింగేది తక్కువ. కూలింగ్ టవర్లు ఉన్నది తోడేది తక్కువ, కానీ అందులో ఎక్కువ భాగం ఆవిరైపోతుంది. కాగితం మిల్లు తీసుకున్నదాంట్లో చాలావరకు తిరిగి ఇస్తుంది, కాకపోతే మురికిగా. ఏదో ఒక్క కాలమ్ చూసి తీర్పు చెప్పేస్తే ఎవరికో ఒకరికి అన్యాయం జరుగుతుంది.

మా పక్కనే ఉన్న చంద్రపూర్ థర్మల్ కేంద్రం సామర్థ్యం 2,920 మెగావాట్లు. 2015 డిసెంబర్ కేంద్ర నోటిఫికేషన్ ప్రకారం కూలింగ్ టవర్లున్న పాత కేంద్రాలకు మెగావాట్ అవర్‌కి, అంటే వెయ్యి యూనిట్ల కరెంటుకి, 3.5 ఘనపు మీటర్లు పరిమితి. పూర్తి లోడుతో నడిస్తే ఆ పరిమితిలోనే రోజుకి సుమారు 2.45 లక్షల ఘనపు మీటర్లు, ఏడాదికి 3 టీఎంసీల పైమాట. 2011లో చంద్రపూర్ నగర జనాభా 3.2 లక్షలు. మనిషికి రోజుకి 135 లీటర్ల చొప్పున వేసినా 43 వేల ఘనపు మీటర్లే. ఇద్దరికీ ఆధారం ఒకే ఇరై డ్యామ్. 2010 ఎండాకాలంలో డ్యామ్ అడుగంటి థర్మల్ కేంద్రంలో యూనిట్లు ఆపాల్సి వచ్చింది. జిల్లా సగటులో ఆ ఏడాది సంగతి ఎక్కడా కనిపించదు.

పరిశ్రమలకి కేటాయింపులు, వాడకం నెలవారీగా కావాలని సమాచార హక్కు దరఖాస్తు పెట్టాను. మహారాష్ట్రలో ఒక దరఖాస్తుకి ఒకే విషయం, 150 పదాలకి మించకూడదని రూలు. ఎవరైనా ఈ పని పెట్టుకుంటే ముందే తెలుసుకోండి, ప్రశ్నలన్నీ ఒకే కాగితంలో కుక్కితే వెనక్కి వస్తుంది. నాకు జవాబైతే వచ్చింది, కానీ ఏడాది మొత్తానికి ఒకే అంకె. అప్పీలుకి వెళ్లాక నెలవారీ షీట్లు ఇచ్చారు. అసలు కథంతా నెలల్లోనే ఉంది మరి.

ఫ్యాక్టరీకైతే మీటరుంటుంది. పొలంలో మోటారుకి ఉండదు. అందుకే 200 లీటర్ల డ్రమ్ము, ఫోన్‌లో స్టాప్‌వాచ్ పట్టుకుని ఊళ్లో తిరిగాను. మా వీధి కాకా బావి దగ్గర డ్రమ్ము నలభై సెకన్లలో నిండింది. అంటే సెకనుకి 5 లీటర్లు, గంటకి 18 ఘనపు మీటర్లు.

"కాకా, రోజుకి ఎన్ని గంటలు నడుపుతవే?"

"కరెంటు ఉన్నంతసేపు నడుస్తది బిడ్డా. ఇదంత రాసుకపోయి కరెంటోళ్లకు ఇస్తవా ఏంది?"

ఇవ్వనని ఒట్టు పెట్టాకే గంటలు చెప్పాడు, అదీ ఆరని. తర్వాత ఆయన భార్య, మా కాకీ, పక్కకి పిలిచి ఎనిమిది వేసుకోమంది. నేను ఆరే వేశాను, తక్కువ వైపు ఉండటమే మేలని.

బావి లోతు చూడ్డానికి స్టీలు టేపుకి కింద రెండు మీటర్లు సుద్ద రాసి వదలాలి. పైకి లాగితే సుద్ద ఎక్కడిదాకా తడిసిందో అక్కడ నీటిమట్టం. వర్షాకాలం అయ్యాక ఒకసారి, మేలో ఒకసారి చూశాక ఆ తేడాని విస్తీర్ణంతో, రాయిలో నీళ్లు పట్టే శాతంతో గుణించాలి. మా ఊరి కింద బసాల్ట్ రాయి. దాన్నుంచి దిగే నీళ్లు రాయి ఘనపరిమాణంలో 2 శాతమే అని లెక్కలో తీసుకుంటారు. వంద హెక్టార్లలో మట్టం 4 మీటర్లు పడిందంటే పోయినవి 80 వేల ఘనపు మీటర్లు. రోజుకి ఆరు గంటల చొప్పున కాకా మోటారులాంటివి పది, రెండున్నర నెలలు నడిస్తే దాదాపు అంతే అవుతుంది. ఈ గుణకారం చేసిన రాత్రి నాకు పట్టిన నిద్ర అంతంతే.

పత్తి మాత్రం నేను భయపడినంత లేదు. మా నల్లరేగడిలో ఎక్కువ భాగం వాన మీదే పండుతుంది. పంట వాడే వాన నీటిని ఆకుపచ్చ నీరనీ, నదుల్లోంచి, భూమిలోంచి తీసేదాన్ని నీలి నీరనీ విడిగా రాస్తారు. 2002లో నెదర్లాండ్స్ శాస్త్రవేత్త అర్జెన్ హోక్‌స్ట్రా తెచ్చిన నీటి అడుగుజాడ పద్ధతి (ఒక వస్తువు వెనక మొత్తం ఎంత నీరు ఖర్చయిందో చూసేది) నుంచి ఈ లెక్కలు విస్తరించాయి.

ఇందులోనే మూడోది బూడిద నీరు. మురికిని నది భరించే స్థాయికి పలచన చేయడానికి కావలసిన నీళ్లు. నదిలోకి వదిలే వ్యర్థజలంలో బీఓడీ (మురికిని కుళ్లబెట్టే సూక్ష్మజీవులు వాడుకునే ఆక్సిజన్ కొలత) లీటరుకి 30 మిల్లీగ్రాముల దాకా అనుమతి. స్నానానికి పనికొచ్చే నదిలో మాత్రం 3 దాటకూడదు. నదిలో సహజంగా 1 ఉందనుకుంటే, రూలు ప్రకారమే వదిలిన ప్రతి లీటరుకీ 15 లీటర్ల నీళ్లు కావాలి. జులైలో వార్ధా నదికి ఇదో లెక్కే కాదు. మేలో ఆ పదిహేను లీటర్లు ఎక్కణ్ణుంచి వస్తాయి?

గనుల దగ్గర మాత్రం నిజంగానే చిక్కుపడ్డాను. ఓపెన్ కాస్ట్ గుంతలో చేరే నీళ్లని పంపులతో రాత్రీ పగలూ తోడి నాలాలోకి వదులుతారు. గనిలో ఉత్పత్తికి ఆ నీళ్లతో పని లేదు, అడ్డం కాబట్టి తోడుతున్నారు. గుంత చుట్టూ బావుల్లో మట్టం పడిపోతుంది. కింద నాలా ఒడ్డు రైతులకేమో మేలో కూడా నీళ్లు పారతాయి, వాళ్లు సంతోషంగానే ఉన్నారు. దీన్ని వాడకంలో వేయాలా, నష్టంలో వేయాలా? చివరికి ఒక ఊరి భూమిలోంచి ఇంకో ఊరి నాలాకి బదిలీ అని వేరే కాలమ్ పెట్టి, రెండు ఊళ్లనీ విడివిడిగా చూపించాను. మా గైడ్‌కి అది నచ్చలేదు, ఒకే అంకె కావాలన్నారు. నేను ఒప్పుకోలేదు.

పట్టిక జూన్ నుంచి మే దాకా వేశాను. ఐక్యరాజ్య సమితి కొలమానంలో, నది కోసం వదలాల్సింది తీసేసి మిగిలిన నీళ్లలో 25 శాతం దాకా తోడితే ఒత్తిడి లేనట్టు. ఏడాది మొత్తం కలిపితే అన్నీ బాగానే ఉన్నాయి. మే గడిలో మాత్రం కొత్తగా వచ్చే నీళ్లు లేవు, తోడేదంతా నిల్వలోంచే.

వైవాలో ఎక్స్‌టర్నల్ సార్ అడిగారు, "ఇంతకీ నీళ్లు ఎవరు తాగేస్తున్నారమ్మా?" అని. ఏ నెల సంగతి సార్ అన్నాను. ఆయన నవ్వి మే పేజీ తిప్పారు. ఆ పేజీనే తర్వాత మా గ్రామసేవక్ (పంచాయతీ కార్యదర్శి) మరాఠీలో రాసిమ్మన్నాడు, ట్యాంకర్ల ప్రతిపాదనకి జత చేయడానికి. గంటల కాలమ్‌లో పేర్లు తీసేసి ఇచ్చాను, కాకాకి ఒట్టు పెట్టాను కదా.