14 మూకుళ్లు, ఒక తిరగలి రాయి

"రాయి దొర్లిపోయింది అన్నావు కదా టీచరక్కా, దీనికి రాయేదీ?"

ఐదేళ్ల పిల్లాడు ఇలా అడిగేసరికి నా దగ్గర జవాబు లేదు. విజయనగరంలో మా చర్చిలో సండే స్కూల్ చిన్నపిల్లల క్లాసు నాది. నాలుగు నుంచి ఏడేళ్ల లోపు వాళ్లు 14 మంది. సిలువ మీద చనిపోయిన యేసు మూడో రోజు సమాధిలోంచి లేచిన పండగే ఈస్టర్. సమాధికి అడ్డం పెట్టిన రాయి దొర్లిపోయి ఉండడం ఆ కథలోదే. 2025లో ఈస్టర్ ఏప్రిల్ 20న వచ్చింది. ఈసారి కథ ఊరికే చెప్పకుండా చేతిపనితో చెప్దామని, మార్చిలోనే థర్మోకోల్‌తో ఒక సమాధి చేసి తీసుకెళ్లాను. పొడుగాటి పెట్టె, తల దగ్గర సిలువ. సిమెంటులా కనబడాలని బూడిదరంగు స్ప్రే కొడితే థర్మోకోల్ కరిగి గుంటలు పడింది. రెండోసారి బ్రష్షుతో వేశాను. అంత కష్టపడి పట్టుకెళ్తే వాడి ప్రశ్న ఇది.

తప్పు వాడిది కాదు. ఈస్టర్ రోజు తెల్లారకముందే మేమంతా సమాధుల తోటకి వెళ్తాం. ముందే సున్నం వేసి ఉంచిన సమాధుల మీద పూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగించి ఆరాధన చేసుకుంటాం. సమాధి అంటే మా పిల్లలకి ఆ సిమెంటు దిమ్మే. నాకూ అంతే. యేసుని పెట్టింది అరిమతయియ ఊరి యోసేపు తన కోసం రాతిలో తొలిపించుకున్న కొత్త సమాధిలో అని, అది ఒక తోటలో ఉందని చిన్నప్పటి నుంచి వింటూనే ఉన్నాను. అంటే అదొక గుహ, దానికి ఒక వాకిలి ఉంటుంది అని ఒక్కసారి కూడా బొమ్మ కట్టుకోలేదు.

అందుకని ఒక్కో పిల్లకీ ఒక్కో మట్టి మూకుడులో చిన్న తోట చేయిద్దామనుకున్నాను. మధ్యలో గుహ, ముందు రాయి, చుట్టూ నిజంగా మొలిచే పచ్చిక. మూకుళ్లు కొనడానికి వెళ్తే కుండలమ్మే ఆవిడ "పెళ్లేటమ్మా? పాలికలు కూడా ఇమ్మంటావా?" అంది. పెళ్లి కాదు, పండగ అన్నాను. ఏ పండగో అర్థంకాక నన్ను ఎగాదిగా చూసింది. విరిగేవి విరుగుతాయని మూడు ఎక్కువే తీసుకున్నాను.

మొదటి గుహలు ఉత్త పుట్టమన్నుతో చేశాను. ఎండలో పెడితే మధ్యాహ్నానికే నిలువునా చీలాయి. మా అత్తయ్య వచ్చి చూసి, "ఊక కలపలేదేటే? గోడ మెత్తినోళ్లని ఎప్పుడూ చూళ్లేదా?" అంది. చూశాను, కానీ గుర్తు రావాలి కదా. ఆవిడే ఇంకో ఉపాయం కూడా చెప్పింది. సగం కొబ్బరి చిప్పని బోర్లించి, అంచున రూపాయి బిళ్ల కంటే కాస్త పెద్ద ముక్క విరగ్గొట్టి, పైన ఊక కలిపిన మన్ను పల్చగా మెత్తమంది. విరిగిన చోటే గుహ వాకిలి. ఈసారి నీడలో ఆరబెట్టాను. సన్నని నెర్రెలు వచ్చాయి గానీ అవి కొండ రాయిలాగే ఉన్నాయి, వదిలేశాను. మెత్తే పని పిల్లలదే. చిప్పలు మాత్రం ఇంట్లోనే విరగ్గొట్టి, అంచులు గరుకు కాగితంతో రుద్ది తీసుకెళ్లాను. వాళ్ల చేతికి సుత్తి ఇచ్చే ధైర్యం నాకు లేదు.

రాయి దగ్గర మళ్లీ ఆగిపోయాం. పిల్లలు లడ్డూల్లాంటి ఉండలు చేశారు. అది అడ్డంగా నిలవదు, దొర్లి పారిపోతుంది. పరిష్కారం మా పెరట్లో మూలన పడి ఉంది: అత్తయ్య చోళ్లు విసిరిన పాత తిరగలి. దాని పై రాయిని ఆటోలో చర్చికి తీసుకెళ్లి, గోడ పక్కన నిలబెట్టి, పడకుండా మా ఆయన్ని పట్టుకోమన్నాను. "దీన్ని దొర్లించండి చూద్దాం" అంటే ముగ్గురు ఆడపిల్లలు నెట్టారు. కదల్లేదు. అప్పుడు చెప్పాను: మగ్దలేనే మరియ, యాకోబు తల్లి మరియ, సలోమే యేసు దేహానికి పూయడానికి సుగంధద్రవ్యాలు పట్టుకుని తెల్లవారే సమాధికి బయల్దేరారు, ఆ రాయి మనకెవరు దొర్లిస్తారని దారంతా ఇదే బెంగ. నెట్టి అలిసిపోయిన పిల్లలకి ఆ బెంగ వివరించక్కర్లేకపోయింది. ఆ కాలంలో ఎక్కువ సమాధులకి చదరపు రాయే బిరడాలా పెట్టేవారు, గుండ్రంగా దొర్లే రాయి డబ్బున్నవాళ్లకే ఉండేది. యోసేపు ధనవంతుడే కదా. బిళ్లలా చేసిన రాయి నిలబడేలా గుహ ముందు పుల్లతో ఒక గాడి గీశాం.

లోపల ఏం పెట్టాలన్న దాని మీద ఇంట్లో చర్చ జరిగింది. పుల్లకి తెల్లబట్ట చుట్టి శుక్రవారం లోపల పెట్టిస్తాను, శనివారం రాత్రి నేనే వెళ్లి అన్నీ తీసేస్తాను, ఆదివారం పిల్లలు ఆశ్చర్యపోతారు అన్నాను. మా ఆయన నవ్వి, "రాత్రిపూట శిష్యులొచ్చి యేసు దేహాన్ని ఎత్తుకెళ్లారని యాజకులు సమాధి కావలివాళ్లకి డబ్బిచ్చి చెప్పించింది ఇదేగా" అన్నాడు. బైబిల్లో మత్తయి సువార్తలో ఉన్న సంగతే, నాకే తట్టలేదు. టార్చిలైటుతో దొంగలా చర్చిలోకి వెళ్తున్న నన్ను నేను ఊహించుకుని ఆ ఆలోచన మానుకున్నాను. మొదటి నుంచీ బట్ట ఒక్కటే పెట్టించాను, పాత పంచె చింపి చుట్టిన ముక్క. సమాధి దగ్గర స్త్రీలకి కనబడిన దూతని చేయలేదు. మార్కు సువార్తలో ఒకరు, లూకా సువార్తలో ఇద్దరు. ఎంతమందిని పెట్టాలని పిల్లలతో వాదన నాకెందుకు?

విత్తనాల సంగతి. గోధుమగింజ మట్టిలో పడి చస్తేనే విస్తారంగా ఫలిస్తుందని యేసు అన్నమాట ఉంది కాబట్టి గోధుమలే వేద్దామనుకున్నాను. ముందుగా ఇంట్లో నానబెట్టి చూస్తే సగం మొలవలేదు. ఆవాలు మాత్రం రెండో రోజుకే పగిలాయి. మార్చి 21న గానీ ఆ తర్వాత గానీ వచ్చే పౌర్ణమి దాటాక వచ్చే ఆదివారమే ఈస్టర్ కాబట్టి తేదీ ఏటా మారుతుంది. 2024లో మార్చి 31కే వచ్చింది, అప్పుడు ఎండ ఇంత లేదు. ఈసారి ఏప్రిల్ మధ్యలో చల్లాల్సి వచ్చింది, పొద్దున తడిపితే మధ్యాహ్నానికి మన్ను పొడి. మట్టల ఆదివారం, అంటే ఈస్టర్‌కి ముందు ఆదివారం 13న, ఈత మట్టలు పట్టుకుని తిరిగొచ్చిన చేతులతోనే చల్లించి, పైన తడిబట్ట కప్పి ఇళ్లకి పంపాను. రోజుకి రెండుసార్లు చేత్తో చిలకరించండి, చెంబుతో పోయకండి అని తల్లులకి చెప్పాను. చెంబుతో పోసినవాళ్లూ ఉన్నారు. మొలిచిందో లేదో చూద్దామని రోజూ తవ్విన పిల్ల ఉంది. ఒకరి తోటని కోడి తినేసింది. నేను ఇంట్లో పెంచిన మూడు మూకుళ్లు అక్కరకొచ్చాయి.

యేసు చనిపోయిన రోజైన శుభ శుక్రవారం, ఆయన సిలువ మీద పలికిన ఏడు మాటల ఆరాధన మూడింటికి ముగిశాక, వరండాలో ఎవరి రాయి వాళ్లు అడ్డం పెట్టారు. గోల చేసే పిల్లలే, ఆ కాసేపు నోరు మెదపలేదు. "మరి రేపేం జరుగుద్ది?" అని ఒక పాప అడిగింది. ఏమీ జరగదు, విశ్రాంతి దినం, అందరూ ఇంట్లోనే ఉంటారు అన్నాను. ఆ జవాబు దానికి అస్సలు నచ్చలేదు.

ఆదివారం చీకటితోనే మూకుళ్లు సమాధుల తోటకి చేర్చాం. ఆవమొక్కలు రెండంగుళాలు లేచి ఒకవైపుకి వాలి ఉన్నాయి. స్త్రీలు వెళ్లేసరికే రాయి తీసి ఉంది కాబట్టి పిల్లల చేత తీయించడం కథ ప్రకారం సరికాదు. కానీ చేత్తో దొర్లించే సరదా వాళ్ల దగ్గర లాక్కోలేకపోయాను. 14 బిళ్లలూ దొర్లాయి. రెండు అప్పుడే విరిగాయి.

నన్ను మొదట ప్రశ్న అడిగిన పిల్లాడు మాత్రం వాళ్ల తాతయ్య సమాధి చుట్టూ కొవ్వొత్తి పట్టుకుని తిరుగుతున్నాడు.

"దీనికి తలుపెటు ఉంది టీచరక్కా?"

"దీనికి లేదు నాన్నా."

కాసేపు ఆ సిమెంటుని తట్టి చూశాడు. తర్వాత తన మూకుడు దగ్గరికొచ్చి, మట్టి రాయి తీసి కొత్త చొక్కా జేబులో వేసుకున్నాడు. ఎందుకురా అంటే, "ఇక్కడుంటే మళ్లీ మూసేత్తారు" అన్నాడు.

సోమవారం వాళ్లమ్మ ఫోన్ చేసింది. జేబు చూసుకోకుండా చొక్కా నానబెట్టిందట, బకెట్టు నీళ్లన్నీ ఎర్రగా అయిపోయాయట, తెల్ల చొక్కాకి మరక వదలడం లేదట. అత్తయ్యని అడిగాను. నిమ్మకాయా ఉప్పూ రుద్ది ఎండలో పడేయమంది.