వెజ్జా నాన్‌వెజ్జా అని మాత్రమే అడిగాను

ఈ రాత్రి గుంటూరులో మా డెంటిస్టుల భోజనాలు, లెక్క రాసే పని నాది. వారం రోజులుగా వాట్సాప్‌లో ఒక్కొక్కర్నీ వెజ్జా, నాన్‌వెజ్జా అని అడిగి 46 పేర్లు రాసుకున్నాను. మాలో వెజ్ తినేవాళ్ళు ఎప్పుడూ పది మందికి మించరు, కానీ కార్తీకమాసం కదా, ఈసారి 29 మంది తేలారు. క్యాటరింగ్ ఆయనకి ఫోన్ చేసి మటన్ తగ్గించి గుత్తొంకాయ పెంచమన్నాను. అంతా సరిపోయింది అనుకున్నాను.

కాలేజీలో మాకు ప్రోస్తో, అంటే కట్టుడు పళ్ళ సబ్జెక్టు, చెప్పిన సార్ వచ్చారు. లిస్టులో ఆయన నాన్‌వెజ్. గోంగూర మటన్ ముక్క నోట్లో పెట్టుకుని చాలాసేపు అటూ ఇటూ తిప్పి, చివరికి మెల్లగా తీసి ప్లేటు అంచున పెట్టేశారు. తర్వాత గారెను కొరక్కుండా వేళ్ళతో చిన్న చిన్న ముక్కలు చేసి, రెండు దవడల వైపూ కొంచెం కొంచెం పెట్టుకుని నమలడం చూసి నాకు అర్థమైంది. పళ్ళ సెట్టు పెట్టించుకున్నవాళ్ళకి అలాగే తినమని చెప్పాలని మాకు నేర్పింది ఆయనే, ముందు పళ్ళతో కొరికితే సెట్టు వెనక నుంచి ఊడి లేస్తుందని.

పక్కన కూర్చుని అడిగాను. "రెండు నెలలైందమ్మా, పైది బాగానే పట్టింది, కిందిదే ఇంకా కుదురుకోలేదు" అన్నారు. పై సెట్టుకి అంగిలి ఆసరా ఉంటుంది, కిందిదానికి అది లేదు, నాలుక కదిలినప్పుడల్లా కదులుతుంది. ఫుల్ సెట్టుతో నమిలే బలం సొంత పళ్ళ బలంలో నాలుగో వంతు కూడా ఉండకపోవచ్చు. రోజూ పేషెంట్లకి చెప్పే మాటే, అయినా 46 మందిని అడిగినప్పుడు ఒక్కసారి కూడా నాకు తట్టలేదు. చాలా బాధేసింది.

వంటాయన దగ్గరికి వెళ్ళి చెబితే పాపం విసుక్కోకుండా, అన్నంలో వేడినీళ్ళు పోసి మూతపెట్టి కాసేపు మగ్గనిచ్చాడు, మటన్‌లో బాగా ఉడికిన మెత్తటి ముక్కలు ఏరి చిదిపి ఇచ్చాడు. సార్ దాని మీద గోంగూర గ్రేవీ వేసుకుని కలిపి, మొదటి ముద్ద తిని కళ్ళు మూసుకున్నారు. ఇంకో గరిటె వేయించుకున్నారు కూడా.

ఇంటికొచ్చి లిస్టు తీసి సార్ పేరు పక్కన రాశాను: అన్నం మెత్తగా, మటన్ బాగా ఉడకాలి, ఎముక వద్దు. మిగతా 45 మందికీ రేపటి నుంచి మళ్ళీ ఫోన్ చేయాలి.