పిడికెడు అనుముల బాకీ

పదకొండేళ్లుగా మా వంటింటి అలమరలో ఒక గాజు సీసా ఉండేది. అందులో ఉన్నవి అమ్మమ్మ పెరటి అనుములు, తెల్లని ముక్కు ఉన్న గోధుమరంగు చిక్కుడు జాతి గింజలు. ఆమె పోయాక ఆ ఇంటిని, పెరటిని అమ్మేశారు. నా వంతుకు ఆ సీసా వచ్చింది. నిరుడు తొలకరికి మిద్దెతోటలో ఇరవై గింజలు నాటితే ఒక్కటీ మొలవలేదు. మిగిలినవి తడిగుడ్డలో చుట్టి పెట్టాను. నాలుగో రోజుకు మెత్తబడి వాసన వేశాయి. ఒక మనిషిని రెండోసారి పోగొట్టుకున్నట్టు అనిపించింది.

ఆ దిగులే ఈ ఫిబ్రవరిలో నన్ను మాచునూర్ దాకా నడిపించింది. జహీరాబాద్ ప్రాంతంలో ఏటా సంక్రాంతికి పాత పంటల జాతర మొదలవుతుంది. విత్తనాలు నింపిన ఎడ్లబండ్లు దాదాపు నెల రోజులు ఊరూరా తిరిగి, ఫిబ్రవరి నడుమ ఝరాసంగం మండలంలోని ఈ ఊరు చేరుకుంటాయి. నేను వెళ్లింది ఆ ముగింపు రోజుకు.

లింగంపల్లిలో తెల్లవారుజామున బస్సు ఎక్కాను. పటాన్‌చెరు దగ్గర అంతర్జాతీయ మెట్టపంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ పొలాల పక్కనుంచే దారి. 1972లో ఏర్పడిన ఆ సంస్థ విత్తన నిధిలో జొన్న, సజ్జ, కంది, శనగ, వేరుశనగ, చిరుధాన్యాల నమూనాలు లక్షకు పైగా ఉన్నాయి. దీర్ఘకాలం నిలవాల్సినవాటిని బాగా ఆరబెట్టి, మైనస్ 20 డిగ్రీల చలిలో ఉంచుతారు. గింజ నిద్రలో కూడా ఊపిరి పీలుస్తూనే ఉంటుంది. వేడి, తేమ ఉంటే ఆ ఊపిరి వేగంగా అయిపోతుంది. నా సీసా మాత్రం పొయ్యికి రెండు మూరల దూరంలో పదకొండు వేసవులు గడిపింది. కిటికీలోంచి చూస్తూ ఈ లెక్క వేసుకున్నప్పుడు కడుపులో కలుక్కుమంది.

సంగారెడ్డి, సదాశివపేట దాటాయి. జహీరాబాద్‌లో దిగి ఆటో మాట్లాడుకున్నాను. దారిలో చెరకు తోటలు, ఆపైన ఎర్రనేలలు.

ఊళ్లో అడుగుపెట్టేసరికి డప్పుల మోత. మామిడి తోరణాలు, బంతిపూల దండలు కట్టిన బండ్లు వరసగా వస్తున్నాయి. ముందు కోలాటం, వెనక తలమీద గంపలతో ఆడవాళ్లు. ఇళ్లముందు నిలబడ్డవాళ్లు ఎడ్ల కాళ్లకు నీళ్లు పోసి, బండ్లకు పసుపు కుంకుమ పెట్టి దండం పెడుతున్నారు. దేవుడి ఊరేగింపులు చాలా చూశాను. గింజలకు ఊరేగింపు చూడటం ఇదే మొదలు. నాకు తెలియకుండానే చెప్పులు విడిచి నిలబడ్డాను.

బండ్లమీద మట్టిచిప్పల్లో, బుట్టల్లో విత్తనాలు. పచ్చజొన్న, తెల్లజొన్న, ఎర్రజొన్న. కందుల్లోనే తెల్లవి, నల్లవి, ఎర్రవి. కొర్రలు, సామలు, తైదలు, ఉలవలు, బెబ్బర్లు, కుసుమలు, అవిసెలు, గడ్డినువ్వులు. నలభై దాకా లెక్కపెట్టాను. ఆ తర్వాత లెక్క తప్పింది. నీళ్లు కట్టకుండా, నేలలోని చెమ్మకు, చలికాలపు మంచుకు పండే యాసంగి పంటలను ఇక్కడి ఆడవాళ్లు సత్యం పంటలు అంటారు. ఎంత గౌరవం ఉంటే ఒక పంటకు ఆ పేరు పెడతారు!

ఈ జాతర వెనక ఉన్నది దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలు. 1983లో జహీరాబాద్ పక్కన పస్తాపూర్ కేంద్రంగా మొదలైంది ఆ సంస్థ. సంఘాల్లో ఎక్కువమంది దళిత మహిళలు, ఎకరం రెండెకరాల చెలక ఉన్న రైతులు. ఎవరూ పట్టించుకోని రాళ్లనేలల్లో ఎవరూ పట్టించుకోని విత్తనాలను నిలబెట్టింది వాళ్లే. 2008లో ఇదే మాచునూర్‌లో సొంత రేడియో కూడా పెట్టుకున్నారు. 2019లో ఐక్యరాజ్యసమితి వారి ఈక్వేటర్ బహుమతి వాళ్లను వెతుక్కుంటూ వచ్చింది. సంస్థ స్థాపకుల్లో ఒకరైన పి.వి. సతీష్ గారు 2023 మార్చిలో కన్నుమూశారు. అది ప్రపంచమంతా చిరుధాన్యాల సంవత్సరం జరుపుకుంటున్న ఏడాది. ఆయన లేకపోయినా బండ్లు కదులుతున్నాయి.

మధ్యాహ్నం జొన్నరొట్టె తిన్నాక, చెట్టుకింద గంపలు సర్దుకుంటున్న ఒక ముసలమ్మ దగ్గర కూర్చున్నాను. ఆమె గంపకు లోపలా బయటా ఎర్రమట్టి, పేడ కలిపి అలికి ఉంది. అడుగున బూడిద, వేపాకు, వాటిమీద గింజలు, ఆపైన మళ్లీ బూడిద, వేపాకు. మూతిని మట్టితో మూసేస్తారట. విత్తనపు కంకిని కోతకు ముందే, చేను నిలబడి ఉండగానే ఎంచుకోవాలని చెప్పింది. కళ్లంలో కుప్పపోశాక ఏరితే మొక్క ఎలా నిలబడిందో, పురుగును ఎలా తట్టుకుందో గింజ చెప్పదు.

నా సీసా సంగతి చెప్పాను. ఆమె చేతిలో పని ఆగిపోయింది.

"గింజను దాచుకుని కూర్చోకూడదు బిడ్డా. ఏటా నేలకు చూపించాలి," అంది. కాసేపాగి, "నీకు తప్ప ఇంకెవరికీ ఇవ్వలేదా?" అని అడిగింది.

లేదన్నాను. ఇచ్చి ఉంటే ఎవరి పెరట్లోనో ఆ తీగ ఇంకా పాకుతూ ఉండేది. ఈ మాట ఆమె అనలేదు, నాకే తట్టింది. అప్పటినుంచి నన్ను వదలడం లేదు.

ఆమె గంపలోకి చేయిపెట్టి పిడికెడు అనుములు తీసి నా కొంగులో పోసింది. అమ్మమ్మ గింజలకన్నా కొంచెం చిన్నవి, నల్లమచ్చలు ఉన్నాయి. కానీ ఆ తెల్లని ముక్కు అదే. డబ్బులు ఇవ్వబోతే చేయి వెనక్కు తీసుకుంది. సంఘంలో విత్తనానికి వెల కట్టరు. తీసుకున్నదానికి రెట్టింపు తిరిగి ఇవ్వాలి. "కనీసం మూడిళ్లకు పంచు. నీ దగ్గర పోయినా వాళ్ల దగ్గర దొరుకుతుంది," అని షరతు పెట్టింది. ఇలా పంచుకోవడం రైతుకు హక్కేనని మన 2001 నాటి మొక్కల రకాల, రైతుల హక్కుల చట్టం కూడా గుర్తించింది. ఆ చట్టం రాకముందు ఎన్ని తరాలుగా ఆమె వంటివాళ్లు ఈ పని చేస్తున్నారో!

నేను తీసుకెళ్లిన బీర గింజలు ఆమెకు ఇచ్చాను. ఒక మాట మాత్రం దాచలేదు: మా మేడమీద రెండు రకాల బీర పక్కపక్కనే ఉంది. తేనెటీగలు వాటి పుప్పొడి కలిపేసి ఉంటాయి, తల్లి పోలిక రాకపోవచ్చు. అనుములకు ఆ బెంగ తక్కువ. చాలావరకు సొంత పుప్పొడితోనే కాయ కడతాయి. "వేసి చూస్తే తెలుస్తుంది," అని గింజలను ముడివేసుకుంది.

చీకటి పడ్డాక ఇల్లు చేరాను. మర్నాడు పది గింజలు తడిగుడ్డలో పెట్టాను. నాలుగో రోజుకు తొమ్మిది మొలకెత్తాయి. మిగిలినవి నాలుగు పొట్లాలు కట్టాను. ఒకటి నాది. ఒకటి కింది అంతస్తులోని పంతులుగారికి, ఒకటి వీధి చివర ఇస్త్రీ బండి ఆమెకు, ఇంకొకటి కరీంనగర్‌లో ఉన్న మా చిన్నమ్మకు. పాత రకం కాబట్టి పగళ్లు కురచ అయితేగాని పూత పట్టదు. మృగశిరకు నాటినా కాయకోసం చలికాలం దాకా ఆగాలని ముగ్గురికీ చెప్పాను. ఇప్పుడు కుండీల్లో మట్టి తిరగేసి ఎండకు పెట్టాను, పశువుల ఎరువు మాగుతోంది, పందిరికి వెదురు తెచ్చాను.

గోడమీది క్యాలెండర్‌లో వచ్చే జనవరి పేజీ లేదు కాబట్టి, డిసెంబరు చివర పెన్సిలుతో రాసుకున్నాను: మాచునూర్ అమ్మకు రెండు పిడికెళ్లు.