కట్టే చేయి, చెప్పే మాట

విదేశాల్లో గార్డు పోస్టుల మీద, కాన్వాయ్ బండ్ల స్టీరింగ్ వెనకాల, చమురు క్షేత్రాల క్యాంపుల్లో పనిచేసే మనవాళ్లలో చాలామంది చేతిలో ఆయుధం ఉండదు. బాంబు ముక్క ఆ తేడా చూడదు. కొత్తగా చేరినవాడికి గాయపడ్డవాడి రక్తం ఆపి ప్రాణం నిలపడం మీద ఒక పూట క్లాసు పెడతారు, నడుముకు ఒక కిట్టు ఇస్తారు. క్లాసు వేగంగా సాగే ఇంగ్లిషులో నడుస్తుంది. పక్కన కూర్చున్నవాడు నేపాలీ, ఆ పక్కవాడు కెన్యావాడు, చెప్పేవాడు ఇంకో దేశంవాడు. అందరూ తలాడిస్తారు. అసలు చిక్కు ఆ తలాడింపులోనే ఉంది. పట్టీ బిగించడం చేతికి రావాలి, అంతే ముఖ్యంగా అరిచే నాలుగు మాటలు అందరికీ ఒకేలా అర్థం కావాలి.

ఈ పద్ధతికి పునాది అమెరికా సైన్యపు ప్రత్యేక దళాల వైద్యులు 1996లో ప్రచురించిన వ్యాసం. ఆ పద్ధతిని టీ-ట్రిపుల్-సీ అంటారు, అంటే యుద్ధభూమిలో గాయపడ్డవాళ్ల సంరక్షణ. పౌరుల కోసం దాని నుంచే పుట్టిన పద్ధతి టెక్. రెండింట్లోనూ మూడు దశలు: ప్రమాదం ఇంకా నడుస్తున్న చోటు, కాస్త అడ్డం దొరికిన చోటు, తరలింపు. 2001 నుంచి 2011 వరకు జరిగిన అమెరికా సైనిక మరణాలను తర్వాత ఒక్కొక్కటిగా తిరగేశారు. ఆసుపత్రికి చేరకముందే చనిపోయినవాళ్లలో 976 మందిని బతికించే అవకాశం ఉండేదని, వాళ్లలో పదింట తొమ్మిది మంది రక్తం పోయి చనిపోయారని తేలింది. అందుకే ఊపిరి చూడకముందే రక్తం చూడాలనే వరస వచ్చింది. దాన్ని గుర్తుంచుకోవడానికి ఇంగ్లిషు మొదటి అక్షరాలతో కూర్చిన మాట ‘మార్చ్’: పెద్ద రక్తస్రావం, శ్వాసదారి, ఊపిరి, రక్తప్రసరణ, చివర చలి, తలదెబ్బ. మామూలు ప్రథమ చికిత్సలో శ్వాసదారితో మొదలుపెట్టడం నేర్చుకున్నవాళ్లు ఇక్కడే తడబడతారు. తొడలోని పెద్ద నాళం తెగితే మూడు నాలుగు నిమిషాల్లో మనిషి పోవచ్చు. అంతసేపు గడ్డం ఎత్తి పట్టుకుని కూర్చుంటే లాభం లేదు.

మొదటి దశలో చేసే వైద్యం దాదాపు ఏమీ లేదు. దెబ్బ తిన్నవాడు కదలగలిగితే అడ్డం వెనక్కి పాకమని అరవాలి, తన టోర్నికే, అంటే రక్తం ఆపడానికి చేతికో కాలికో బిగించే పట్టీ, తానే కట్టుకోమనాలి. కదల్లేకపోతే, దారి క్షేమంగా ఉందనుకుంటేనే వెళ్లి లాగాలి. చొక్కా కాలర్ పట్టి లాగితే చిరుగుతుంది. జాకెట్ వెనక ఉండే పట్టీని పట్టుకోవాలి, అది లేకపోతే చంకల కింద చేతులు దూర్చి లాగాలి. బాంబు పేలిన చోట గుంపుగా మూగడం మనకు అలవాటు. రెండో బాంబు ఆ గుంపు కోసమే పెట్టి ఉండవచ్చు.

ఇక టోర్నికే. ఎవరో కాల్చుతుండగా కట్టాల్సి వస్తే గాయం వెతకొద్దు. బట్టల మీదనే, చేతికైనా కాలికైనా వీలైనంత పైకి జరిపి బిగించాలి. అడ్డం దొరికాక బట్ట కోసి, గాయానికి రెండు మూడు అంగుళాల పైన నేరుగా చర్మం మీద వేయాలి. మోకాలి మీద, మోచేతి మీద మాత్రం వద్దు. ముంజేతికి, పిక్కకు కడితే పనిచేయదని కొందరు చెబుతారు. రెండు ఎముకలున్నా అక్కడ రక్తం ఆగుతుంది.

తప్పు ఎక్కువగా జరిగేది పట్టీని బిగించడానికి దానికే ఉండే పుల్ల తిప్పడంలో కాదు, తిప్పకముందు. పట్టీని ముందే గట్టిగా లాగకుండా వదులుగా ఉంచి పుల్ల తిప్పడం మొదలుపెడితే, ఆ తిప్పుడంతా వదులును చుట్టడానికే ఖర్చవుతుంది. పుల్ల ఇక తిరగదు, రక్తం ఆగదు. సామర్థ్యం లేని పట్టీ అనుకుంటారు. పట్టీ కింద మూడు వేళ్ల కొనలు దూరకూడదు, అప్పుడే పుల్ల ముట్టుకోవాలి. రెండో తప్పు జేబు. తొడ మీద కట్టే పట్టీ కింద ఫోనో, తాళాల గుత్తో, రేడియో బ్యాటరీయో ఉంటే అక్కడ నొక్కు పడదు. మూడోది జాలి. బిగించిన పట్టీ చాలా నొప్పి పెడుతుంది. “విప్పెయ్యన్నా, కాలు పోతోంది” అని బతిమాలతాడు. వదులు చేయకూడదు. సగం బిగించిన పట్టీ అసలు కట్టకపోవడం కంటే చెడ్డది కావచ్చు: లోపలికి వెళ్లే ధమని తెరిచే ఉంటుంది, తిరిగి వచ్చే సిర మాత్రమే మూసుకుంటుంది, గాయం ఇంకా కారుతుంది. పదిహేను నిమిషాలకోసారి వదులు చేయమని పాత పుస్తకాల్లో ఉన్న సలహా కూడా అలాంటిదే. ప్రతి వదులుకూ కొంత రక్తం పోతుంది.

రక్తం ఆగాలి, పట్టీ కింది వైపున నాడి అందకూడదు. ఈ రెండూ చూశాకే పని అయినట్టు. ఆగకపోతే ఇంకా తిప్పాలి. అప్పటికీ ఆగకపోతే మొదటిదాని పక్కనే పైన రెండోది కట్టాలి. బలిసిన తొడకు రెండు కావాల్సిరావడం వింతేమీ కాదు. కిట్టులో ఒక్కటే ఇస్తే రెండోది అడగండి. బాగ్దాద్‌లోని అమెరికా సైనిక ఆసుపత్రిలో జరిపిన పరిశీలనలో, రక్తం పోయి ఒంటికి ప్రసరణ చాలని స్థితి అయిన షాక్‌లోకి జారకముందే టోర్నికే పడినవాళ్లలో సుమారు 90 శాతం బతికారు. జారాక పడినవాళ్లలో సుమారు 10 శాతమే.

తర్వాత టైమ్ రాయాలి. ప్రవాసుల దగ్గర ఒక విచిత్రమైన పొరపాటు జరగవచ్చు: ఇంటికి ఫోన్ చేయడానికి వీలుగా వాచీని ఇంటి టైమ్‌లోనే ఉంచుకుంటాం. ఆ టైమ్ పట్టీ మీద రాస్తే ఆసుపత్రిలో సర్జన్ లెక్క తప్పుతుంది. పోస్టు మీద ఉన్నంతసేపు స్థానిక టైమ్, ఇరవై నాలుగు గంటల పద్ధతిలో. రెండు గంటల లోపు పట్టీని విప్పి ప్రెషర్ బ్యాండేజీకి మార్చాలా అన్నది శిక్షణ పొందినవాడు తేల్చాలి. అప్పుడు కూడా మనిషి షాక్‌లో ఉండకూడదు, గాయాన్ని కనిపెట్టుకుని ఉండగలగాలి, తెగిపోయిన అవయవం కాకూడదు. ఆరు గంటలు దాటిన పట్టీని బయట ఎవరూ ముట్టుకోకూడదు. తరలింపు ఆలస్యమయ్యే చోట ఈ లెక్క ప్రాణం మీదికీ అవయవం మీదికీ వస్తుంది.

మెడ, చంక, గజ్జ దగ్గర పట్టీ పడదు. అక్కడ గుడ్డ కుక్కాలి. ‘గుడ్డ పెట్టి నొక్కు’ అని క్లాసులో చెప్పినదాన్ని చాలామంది గాయం మీద గుడ్డ పరచడంగా అర్థం చేసుకుంటారు. గాజుగుడ్డ గాయం లోపలికి పోవాలి. వేలితో రక్తం ఎక్కడి నుంచి తంతోందో వెతికి, ఆ చోటును నొక్కిపట్టి, వేలు తీయకుండా రెండో చేత్తో గుడ్డను వేలి వెంబడే కొంచెం కొంచెం దోపుతూ గుంట నిండేదాకా కుక్కాలి. రక్తం గడ్డకట్టించే మందు అద్దిన గుడ్డ అయితే మూడు నిమిషాలు నిలువునా బరువు వేసి నొక్కాలి. మామూలు గుడ్డ అయితే ఇంకా ఎక్కువసేపు, పది నిమిషాలదాకా. నడుమ ఎత్తి చూడటమే పెద్ద తప్పు, అప్పుడే కట్టుకుంటున్న గడ్డ ఊడిపోతుంది. ఛాతీలో, పొట్టలో మాత్రం గుడ్డ కుక్కవద్దు. లోపల ఎంత దోపినా నాళానికి నొక్కు పడదు, అది ఆపరేషన్ టేబుల్ మీది పని. పైన చెప్పిన మరణాల్లో ఎక్కువ భాగం ఇలాంటి మొండెం గాయాలవే అన్న సంగతి గుర్తుంటే, తరలింపు ఎందుకు అంత ముఖ్యమో అర్థమవుతుంది.

ఛాతీకి చిల్లు పడితే కవాటమున్న చెస్ట్ సీల్ అనే అతుకు అంటించాలి. చెమట, రక్తం తుడవకపోతే అంటదు. ముందు చిల్లు ఉంటే వెనకా చూడాలి, బుల్లెట్ బయటికి పోయిన చోటు తరచుగా వీపున దాక్కుంటుంది. సీల్ అంటించాక ఊపిరి ఇంకా కష్టమైతే అంచు ఒకసారి ఎత్తి గాలి వదలాలి. సూదితో ఛాతీలో గాలి తీయడం శిక్షణ, అనుమతి ఉన్నవాళ్ల పని. దాన్ని వీడియో చూసి చేయకూడదు.

స్పృహ ఉన్నవాడు ముందుకు వంగి కూర్చుంటే ఊపిరి హాయిగా ఆడితే అలాగే ఉండనివ్వండి, బలవంతంగా పడుకోబెట్టొద్దు. స్పృహ లేకుండా ఊపిరి తీస్తున్నవాణ్ని పక్కకు తిప్పండి. దెబ్బ తగలగానే నోట్లో నీళ్లు పోయడం మన చేతులకు అలవాటు. సగం స్పృహలో ఉన్నవాడి నోట్లో పోసిన నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు.

ఎండ నలభై డిగ్రీలున్నా రక్తం పోయినవాడు చల్లబడతాడు, చల్లబడ్డ రక్తం సరిగా గడ్డకట్టదు. ఎక్కించుకున్న బండిలో ఏసీ నిండుగా తిరుగుతుంటే ముందు దాన్ని ఆపండి. తడి బట్టలు తీసి, కింద కూడా ఏదో ఒకటి పరచి, రేకు దుప్పటి చుట్టండి. పట్టీ కట్టిన అవయవం పైకి కనబడేలా వదలాలి. దుప్పటి కింద దాక్కున్న టోర్నికే జారి కారుతున్నా ఎవరికీ తెలియదు.

ఒకరి కంటే ఎక్కువమంది పడినప్పుడు స్టార్ట్ అనే వర్గీకరణ వాడతారు. నడవగలవాళ్లను పక్కకు పంపుతారు. మిగిలినవాళ్లలో ఊపిరి నిమిషానికి 30 దాటిందా, మణికట్టు నాడి అందుతోందా, చెప్పిన పని చేస్తున్నాడా అని చూస్తారు. ఆ చివరిది మన క్యాంపుల్లో మోసం చేస్తుంది. ‘చేయి ఎత్తు’ అన్న మాట అతని భాషలో కాకపోతే ఎత్తడు. పేలుడు తర్వాత చెవులు మొద్దుబారితే సొంత భాషలో చెప్పినా ఎత్తడు. అందుకని నోటితో చెప్పడంతోపాటు మీ చేయి ఎత్తి చూపించండి, వేళ్లు అతని అరచేతిలో పెట్టి నొక్కమని సైగ చేయండి.

భాష గురించి ముందే ఒప్పందం ఉండాలి. ప్రతి పోస్టుకూ అయిదారు చిన్న మాటలు చాలు, అవి ఇంగ్లిషువే అయినా ఫరవాలేదు: బ్లీడింగ్, టీక్యూ ఆన్ (టోర్నికే కట్టాం), టైమ్, నాట్ బ్రీదింగ్, మూవ్. ‘లెఫ్ట్’ అంటే దెబ్బ తిన్నవాడి ఎడమ, చూసేవాడి ఎడమ కాదు. దీన్ని బోర్డు మీద రాసి వారానికోసారి కట్టించి చూడాలి: చీకట్లో, గ్లవ్స్ వేసుకుని, ఒక్క చేత్తో, నిమిషం లోపు. రేడియోలో చెప్పేటప్పుడు ‘పెద్ద సంఘటన’ అని మొదట ప్రకటించి, కచ్చితమైన చోటు, ఏం జరిగింది, ఇంకా ఉన్న ప్రమాదం, వచ్చే దారి, ఎంతమంది, ఏ సహాయం కావాలి అన్న వరసలో చెప్పాలి. చోటు దగ్గర మనవాళ్లు పెట్టుకున్న ముద్దుపేర్లు పనికిరావు. బయటి అంబులెన్సుకు గేటు నంబరు కావాలి, గేటు దగ్గర ఒక మనిషి కావాలి. అలర్ట్ ఉన్నప్పుడు గేటు మూస్తారు కనుక అంబులెన్సును ఎవరు లోపలికి రానిస్తారన్నది ముందురోజే తేలి ఉండాలి.

బ్యాడ్జీ మీద పాస్‌పోర్టులో ఉన్న పేరే ఉండాలి, పిలిచే పేరు కాదు. అలెర్జీ, రక్తాన్ని పలచబరిచే మాత్రలు రాయించండి. బ్లడ్ గ్రూపు రాసినా ఆసుపత్రి మళ్లీ పరీక్ష చేస్తుంది. ఇంకోటి: నొప్పికి ఇంటి నుంచి తెచ్చుకునే ట్రామడాల్, కోడీన్ మాత్రలు కొన్ని దేశాల్లో అనుమతి లేకుండా దగ్గరుంటే నేరమే.

నకిలీ టోర్నికేలు బజారులో బోలెడు. చూడటానికి అచ్చు అలాగే ఉంటాయి, బిగించినప్పుడు పుల్ల వంగుతుంది లేదా విరుగుతుంది. తెలియని అమ్మకందారు నుంచి చౌకగా వచ్చిందంటే అనుమానించండి. ప్రాక్టీసుకు వాడినదాన్ని డ్యూటీ కిట్టులో పెట్టకూడదు, దానికి రంగు టేపు చుట్టి వేరే పెట్టండి. డ్యూటీది మాత్రం ప్లాస్టిక్ కవరు తీసి, ఉచ్చు పెద్దదిగా మడిచి, ఏ చేత్తోనైనా అందే చోట ఉంచాలి. ఎండలో డ్యాష్‌బోర్డు మీద వదలొద్దు, ప్లాస్టిక్ పెళుసుబారుతుంది. కిట్టు ఎక్కడుందో మొత్తం టీముకు ఒకే చోటు కావాలి. ఎందుకంటే గాయపడ్డవాడి మీద వాడేది ముందుగా అతని కిట్టే. మీది మీకోసం దాచుకోవాలి. షిఫ్టు మారేటప్పుడు రేడియో, తాళాలు అప్పగించినట్టే పట్టీలు రెండు, గాజుగుడ్డ, సీల్ జత, కత్తెర, మార్కరు లెక్కపెట్టి అప్పగించండి. ముందుగా కనబడకుండా పోయేది మార్కరే.