స్టోర్ రూమ్ తాళం

"నువ్వు ఇబ్బంది పడ్డావని ఆ పిల్ల కూడా పడాలా?"

మా డిపార్ట్‌మెంట్ ఆఫీసులో ఎన్నో ఏళ్లుగా పనిచేస్తున్న పెద్దావిడ నన్ను అడిగిన మాట ఇది. నాలుగు నెలలైనా ఆ మాట నన్ను వదల్లేదు.

నేను అమెరికాలో ఒక యూనివర్సిటీలో జీబ్రాఫిష్ ల్యాబ్ చూసుకుంటాను. వేలెడంత కూడా ఉండని చేపలు, వరసగా తొట్లు, పొద్దునా సాయంత్రం మేత. మా ల్యాబ్‌లో పోస్ట్‌డాక్‌గా, అంటే పీహెచ్‌డీ అయ్యాక పరిశోధన చేస్తూ ఉన్న తెలుగమ్మాయి కాన్పయిన ఎనిమిది వారాలకే పనిలోకి వచ్చింది. మొదటిరోజే నా దగ్గరికొచ్చి, "అక్కా, పాలు పంప్ చేసుకోవడానికి ఎక్కడైనా చోటుందా?" అని మెల్లగా అడిగింది. "కింది అంతస్తు బాత్రూమ్‌లో చివర ప్లగ్ ఉంది. మా బాబు పుట్టినప్పుడు నేనూ అక్కడే సర్దుకున్నాను" అన్నాను. సాయం చేస్తున్నాననే అనుకున్నాను. ఆ మధ్యాహ్నం ఆఫీసావిడ ఆ పిల్లని బాత్రూమ్‌లో చూసి, ఎవరు చెప్పారో కనుక్కుని, నేరుగా నా దగ్గరికి వచ్చింది.

నాకు చాలా కోపం వచ్చింది. పచ్చి బాలింతని రెండు నెలలకే పనిలోకి రప్పించే దేశం మీది, నాకా చెప్పేది అనుకున్నాను. మన దగ్గర 2017 నుంచి చట్టప్రకారం 26 వారాల సెలవు, జీతంతో సహా. ఇక్కడ 1993లో వచ్చిన చట్టం ఇచ్చేది 12 వారాలు, అదీ జీతం లేకుండా, అదీ ఏడాది సర్వీసు నిండితేనే. ఈ పిల్ల చేరి తొమ్మిది నెలలే, అది కూడా రాలేదు. నేను చదువుకున్నది తిరుపతి మహిళా విశ్వవిద్యాలయంలో. 1983లో పెట్టిన ఆ యూనివర్సిటీలో మాకు పాఠాలు చెప్పిందీ, మా హెడ్డూ మేడమ్‌లే. ఆడవాళ్ల కష్టం గురించి నాకు ఇంకొకరు చెప్పాలా?

ఈ వాదనంతా ఇంటికెళ్లే దారిలో కారులో నాకు నేనే చెప్పుకున్నాను. అందులో అబద్ధం లేదు. కానీ ఆవిడ అడిగిన దానికి అది జవాబు కాదు.

సర్దుకుపోవడం మనం చిన్నప్పటి నుంచీ నేర్చుకున్న విద్య. పరాయి దేశంలో నన్ను నిలబెట్టింది అదే, అందుకే దాన్ని తక్కువ చేసి మాట్లాడలేను. 2012లో రోజుకి రెండుసార్లు ఆ బాత్రూమ్‌లో తలుపు గడియ వేసుకుని, బయట ఎవరైనా చేతులు కడుక్కుంటుంటే పంప్ చప్పుడు వినపడుతుందేమోనని టెన్షన్ పడుతూ కూర్చున్నాను. ఎవరినీ ఏమీ అడగలేదు. వీసా యూనివర్సిటీ చేతిలో ఉంది. ఉద్యోగం పోతే ఇల్లు, కారు, బాబు డాక్టరు, అన్నీ పోతాయన్న భయం. ఇప్పుడైనా హెచ్‌వన్‌బీ వీసా మీదున్నవాళ్లకి ఉద్యోగం పోతే ఇంకోటి వెతుక్కోవడానికి దొరికేది మహా అయితే 60 రోజులు. నేను ఆ భయాన్ని ఓర్పు అనుకున్నాను. ఆ పిల్లకి కూడా అదే ఇచ్చాను.

చట్టం సంగతి ఆఫీసావిడే చెప్పింది. పాలిచ్చే తల్లికి ఏడాదిపాటు పనిచోట టైమూ, బాత్రూమ్ కాని, బయటివాళ్లు చూడని, లోపలికి రాని చోటూ ఇవ్వాలని 2010లోనే వచ్చింది. అప్పట్లో అది గంటల లెక్కన పనిచేసేవాళ్లకే. నాలాంటి నెలజీతంవాళ్లు చాలామంది బయటే ఉండిపోయారు. 2022 డిసెంబర్లో దాన్ని మా వరకూ పెంచారు. నాకు రాని హక్కు ఈ పిల్లకి వచ్చింది, నేనేమో తెలియక ఆమెని నా పాత చోటికే పంపాను.

డిపార్ట్‌మెంట్ హెడ్‌ని అడిగితే ఖాళీ గది లేదన్నాడు. కసురుకోలేదు, నిజంగానే లేదనుకున్నాడు. తొట్ల ర్యాకులు కొలిచే టేపు తీసుకుని మా అంతస్తంతా తిరిగాను. అప్పుడే నాన్సీ హాప్కిన్స్ గుర్తొచ్చింది. మా చేపల వాళ్లందరికీ తెలిసిన పేరు. ఎమ్ఐటీ యూనివర్సిటీలో బయాలజీ ప్రొఫెసర్‌గా ఉండేది. చేపల తొట్లకి 200 చదరపు అడుగుల చోటు అడిగితే ఇవ్వలేదు. రాత్రిపూట టేపు పట్టుకుని అందరి ల్యాబులూ కొలిచి, తనకంటే జూనియర్లయిన మగ ప్రొఫెసర్లకి ఎక్కువ చోటుందని తేల్చింది. మిగతా ఆడ ప్రొఫెసర్లూ కలిశారు. అప్పుడు అక్కడి సైన్స్ విభాగాల అధ్యాపకుల్లో ఆడవాళ్లు 8 శాతమే. 1999లో రిపోర్టు బయటికొస్తే వివక్ష నిజమేనని ఎమ్ఐటీ ప్రెసిడెంటే ఒప్పుకున్నాడు. ఇన్నేళ్లుగా ఆ కథ ఎందరికో చెప్పాను. నా బాత్రూమ్‌కీ దానికీ సంబంధం ఉందని ఒక్కసారీ తోచలేదు.

పాత ప్రొజెక్టర్లు, పగిలిన కుర్చీలు పడేసిన స్టోర్ రూమ్ ఏడడుగుల వెడల్పు, తొమ్మిదడుగుల పొడవు. లోపల ప్లగ్ ఉంది, తలుపుకి తాళం పడుతుంది. కొలతలు రాసి హెడ్‌కి పంపాను. కింద ఒక వాక్యం చేర్చాను: 2012లో నాకు ఈ గది అవసరమైంది, నేను అడగలేదు. అది రాయడానికి అరగంట పట్టింది. రెండు వారాల్లో గది ఖాళీ అయింది. కుర్చీ, చిన్న ఫ్రిజ్, తలుపు మీద బోర్డు వచ్చాయి. ఆ అమ్మాయి ఇప్పుడు నన్ను అడగకుండానే వెళ్లి వస్తోంది. నాకు అదే బాగుంది.

తాళాలు రెండు. ఒకటి ఆఫీసావిడ దగ్గర, ఇంకోటి నా డ్రాయర్‌లో. మొన్న సాయంత్రం మేత వేస్తుంటే, రాత్రి షిఫ్టులో మా బిల్డింగ్ తుడిచే అమ్మాయి ల్యాబ్ గుమ్మం దగ్గర ఆగింది. బోర్డు చూసిందట. పాపకి ఐదు నెలలట. "ఆ గది ప్రొఫెసర్లకేనా?" అని అడిగింది. గంటల లెక్కన జీతం తీసుకునే మనిషి. 2010 నుంచీ ఈ హక్కు అలాంటివాళ్లదే, ఎవరూ చెప్పలేదు. ఇన్నాళ్లూ ఎక్కడ పంప్ చేసుకుందో నేను అడగలేదు. చేతులు తుడుచుకుని డ్రాయర్ తీశాను.