చెయ్యి చాపి నాలుగు నిమిషాలు

బోర్లా పడుకుని, కుడి చెయ్యి పక్కకి చాపి, మెల్లగా అదే వైపుకి దొర్లి అలాగే ఉండమంది టీచర్. నాలుగు నిమిషాలు! యిన్ యోగా (ఒక్కో ఆసనంలో నిమిషాల తరబడి కదలకుండా ఉండే యోగా) అంటే హాయిగా పడుకోవడమే అనుకునేవాళ్లకి ఇదీ సంగతి.

ఛాతీ నుంచి బొటనవేలి దాకా సన్నగా లాగింది. చైనా సంప్రదాయ వైద్యం ప్రకారం ఊపిరితిత్తుల మెరిడియన్, అంటే ఒంట్లో ప్రాణశక్తి ప్రవహించే నాళం, వెళ్లే దారి అదేనట. శరదృతువు ఊపిరితిత్తులదీ, దుఃఖానిదీ అంటారు, ఒంట్లో పొడితనం తగ్గడానికి ఉడికించిన పియర్ పండు తినమంటారు.

ఇక్కడ న్యూజెర్సీలో ఆకులు రాలడం మొదలవగానే నాకు ఊరికే ఏడుపొస్తుంది, దానికి కారణం ఊపిరితిత్తులో, తొందరగా పడే చీకటో, దసరాకి ఇంటికి వెళ్లలేకపోవడమో మరి. మెరిడియన్ల మీద పెద్ద నమ్మకం లేదు కానీ భుజాలు మాత్రం తేలికపడ్డాయి.

అమ్మకి ఫోన్లో ఇదంతా చెబితే "శొంఠి కాఫీ తాగి పడుకోవే" అంది. శొంఠి ఇంట్లోనే ఉంది, పియర్లే కొనాలి.